నువ్వుండ బయటపెట్టిన చరిత్ర

ఈ మధ్యాహ్నం ప్లేనోలో ప్రసాద్ గారింట్లో లంచ్. వాళ్ల కోడలికి మూడో నెల. "అక్కడ గొడవ పెట్టుకోకు" అని మా ఆయన కార్‌లోనే మాట తీసుకున్నారు. అందుకే ప్రసాద్ గారు బజ్జీ నములుతూ, "కడుపు తీయించుకోవడం మన పూర్వీకులకి తెలియనే తెలియదండీ, అంతా ఈ కాలం పాడుబుద్ధులు" అంటుంటే పళ్లు నూరుకుంటూ కూర్చున్నా. ఈజిప్టు నుంచి గ్రీసు దాకా పాత వైద్యులు అందుకోసం రాసిపెట్టిన మందులన్నీ నా నాలుక చివరే ఉన్నాయి మరి!

ఇంతలో కోడలు నువ్వుండ తీసుకుంది. ప్రసాద్ గారు కెవ్వుమన్నారు. "వద్దమ్మా, వేడి! కడుపు పోతుందని మన పూర్వీకులు ఎప్పుడో చెప్పారు!"

సోఫాలోంచి ఎనభై ఏళ్ల వాళ్లమ్మగారు అందుకున్నారు. "వాళ్లకి తెలియదంటివి కదరా ఇప్పుడే? ఏం తింటే పోతుందో తెలిసిన ఆడాళ్లే బిడ్డ కావాలన్నదాన్ని తినొద్దన్నారు, వద్దన్నదాన్ని తినమన్నారు. నీకు చెప్పలేదంతే."

ఇంటికొచ్చినా నవ్వు ఆగట్లేదు. ఇరవై ఏళ్లుగా ఈ చరిత్ర మీద పేజీలకు పేజీలు రాసి నేను గెలవలేని వాదనని ఆవిడ రెండు ముక్కల్లో గెలిచేశారు!

కడుపుతో ఉంటే తినొద్దని మీ ఇళ్లల్లో వేటిని అంటారో కామెంట్లలో రాయండి. ఆ "వద్దు"లన్నీ కలిపితే మన ముత్తవ్వలకి ఎంత తెలుసో తేలిపోతుంది.