అరవై మూడు పేర్లు

ఆసుపత్రిలో ఆమెను అందరూ ఎక్స్ఛేంజి అక్క అంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజి తీసేసి పదిహేడేళ్ళయింది. అయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. వదిలించుకోవాలని ఆమె కూడా పెద్దగా ప్రయత్నించలేదు. నిజం చెప్పాలంటే ఆ పిలుపంటే ఆమెకు కాస్త గర్వం.

ఇరవై మూడేళ్ళ వయసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. మెట్ల కింద ఇరుకు గది, ఎదురుగా గోడంత బోర్డు, చెవులు నొప్పెట్టించే హెడ్‌ఫోను. డాక్టర్లకు నంబర్లు తెలియవు, తెలుసుకోవాలన్న బాధా లేదు. "అక్కా, ఎముకలాయన్ని కలుపు" అంటే ఎముకల డాక్టరును కలిపేది. "మూలగది" అంటే కాలిన గాయాల వార్డు. ఆ సంగతి ఆమెకు తప్ప ఏ కాగితానికీ తెలియదు. అన్నీ ఆమె నాలిక చివర ఉండటం ఎంతో సౌకర్యమని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది, పాపం.

తర్వాత బోర్డు పీకేశారు. ఆమె వారం రోజులు ఏడ్చింది. ఎనిమిదో రోజున కంప్యూటర్ల గదికి వెళ్ళి, "నాకేదైనా పని నేర్పండి" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. మొండిఘటం, నేర్చుకునేదాకా లేవలేదు. చివరికి ఆమెకు అప్పజెప్పిన పని కూడా పేర్లదే.

ఆసుపత్రిలో ప్రతి కంప్యూటరుకూ, ప్రింటరుకూ ఒక పేరుంటుంది, ఒక నంబరుంటుంది. మనుషులు పేరు చెబుతారు, యంత్రాలకు నంబరు కావాలి. ఏ పేరుది ఏ నంబరో చెప్పడానికి మధ్యలో ఒక సర్వరుండాలి. పాత సర్వరుకు ముద్దుపేర్లే తెలుసు. ఆ తర్వాత వచ్చిన కొత్తదానికి ఇంటిపేరుతో సహా పూర్తిగా చెప్పాలి. రెండూ పక్కపక్కనే ఏళ్ళ తరబడి నడిచాయి.

ఇక్కడే ఆమెకొక పాడు అలవాటు పట్టుకుంది. ఏ గదిలోనైనా ప్రింటరు కనబడటం లేదని ఫోనొస్తే, ఎందుకు కనబడటం లేదో వెతికేది కాదు. పాత సర్వరు తెరిచి ఆ పేరూ నంబరూ చేత్తో ఎక్కించేసేది. నిమిషంలో పనయిపోయేది. "అక్క చెయ్యి పడితే చాలు" అనేవాళ్ళు. ఆ మాట కోసమే చేసిందని నేనంటే ఆమె ఒప్పుకోదు గానీ, అందుకే చేసింది. అలా ఏళ్ళ మీద అరవై మూడు పేర్లు చేరాయి. ఒక్కటీ ఎక్కడా రాసి పెట్టలేదు.

రెండేళ్ళ క్రితం పైనుంచి ఒక ఫారం వచ్చింది. పాత సర్వరును ఎవరైనా వాడుతున్నారా? ఉన్నారని రాస్తే బయటివాళ్ళు వచ్చి చూస్తారు, ఆ అతుకులన్నీ బయటపడతాయి. "ఎవరూ వాడటం లేదు" అని రాసి సంతకం పెట్టింది. అబద్ధమని రాస్తున్నప్పుడే తెలుసు.

ఈ ఏడు కొత్త అధికారిణి వచ్చింది. అక్కకన్నా పదిహేనేళ్ళు చిన్నది, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. పాత ఫైళ్ళు తిరగేస్తూ ఆ ఫారం చూసింది. "ఎవరూ వాడటం లేదని మీరే రాశారు కదండీ, ఇంకెందుకు దాన్ని నడపటం? నెలాఖరు శుక్రవారం పదింటికి ఆపేద్దాం" అంది.

అక్క క్యాలెండరు చూసింది. మిగిలింది మూడు వారాలు. కాలికి బలపం కట్టుకుని తిరిగింది. మందుల కొట్టు, ఎక్స్‌రే గది, రోగుల పేర్లు రాసే కౌంటరు, ఒక్కో చోటా టేబుళ్ళ కింద దూరి, ఒక్కో యంత్రానికీ కొత్త పేరు అలవాటు చేసింది. ఎవరైనా అడిగితే దుమ్ము దులుపుతున్నానంది. అరవై రెండు అయ్యాయి.

అరవై మూడోది ల్యాబులో రక్తపరీక్షల యంత్రం. అత్యవసర రిపోర్టులను అది నేరుగా ఎమర్జెన్సీ వార్డు ప్రింటరుకు పంపుతుంది. ఆ ప్రింటరు ముద్దుపేరు తప్ప దానికి మరో పేరు తెలియదు. మార్చడానికి పాస్‌వర్డు లేదు, దాన్ని చేసిన కంపెనీయే ఇప్పుడు లేదు.

"దాని జోలికి పోకమ్మా," అన్నాడు ల్యాబు పెద్దాయన. "నాకంటే మొండిది. నేనైనా రిటైరవుతాను, అది అవ్వదు."

గురువారం మధ్యాహ్నం ఒక దారి దొరికింది. ఆ యంత్రాన్ని నడిపే కంప్యూటరులోనే ఒక చిన్న ఫైలుంది. అందులో పేరూ నంబరూ ఒక లైను రాస్తే ఇక ఏ సర్వరునూ అడగదు. రాసింది. పెద్దాయనతో ఒక ఉత్తుత్తి రిపోర్టు పంపించింది. వార్డులో కాగితం వచ్చింది. ఇక చేతులు దులుపుకుని ఇంటికి పోవచ్చు.

పోయింది గానీ ముద్ద దిగలేదు. వాళ్ళాయన దర్జీ. ముందు గదిలో మిషను ముందు కూర్చుని ఆమెనే చూస్తున్నాడు.

"ఏంటి, మొహం అలా పెట్టావు?"

చెప్పింది. ఫారం సంగతితో సహా మొత్తం చెప్పింది.

"పనైపోయిందిగా. ఇంకెవరికి తెలుస్తుంది?"

"అదేగా నా భయం. రేపు ఆ ప్రింటరు మారిస్తే నంబరు మారుతుంది. రిపోర్టు ఎటూ పోదు, యంత్రం మాత్రం పంపేశానని చూపిస్తుంది. వార్డులో వాళ్ళు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ ఫైలొకటుందని ఎవడికి తెలుసు?"

"నీకు ఆ మూడు రోజులు గుర్తొస్తున్నాయా?" అన్నాడు.

ఆమె తల ఊపింది. బోర్డు మీద పనిచేసే రోజుల్లో పిల్లకు జ్వరమొస్తే మూడు రోజులు సెలవు పెట్టింది. బదులు కూర్చున్న మనిషికి ఆమె పేర్లేవీ తెలియవు. ఒకావిడ ఫోను చేసి మూలగదికి కలపమంది. భర్త అక్కడున్నాడని నర్సు చెప్పిందట. అలాంటి వార్డు లేదని పెట్టేశారు. మూడుసార్లు చేసింది. వేరే ఆసుపత్రులు వెతుక్కుని ఆవిడ ఇక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. అక్కను ఎవరూ ఒక్క మాట అనలేదు, సెలవులో ఉన్న మనిషిని ఏమంటారు? అందుకే ఆ బరువు ఎక్కడా దించుకోలేకపోయింది.

"చెబితే ఏం చేస్తారు?" అడిగాడతను.

"మెమో ఇస్తారు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి లేదు నాకు."

అతను దారం కొరికి గుడ్డ పక్కన పెట్టాడు. "నా కత్తెర తప్పు పోతే నేను చెప్పేస్తాను. తిడతారు. చెప్పకుండా కుట్టి ఇచ్చేస్తే ఆ చొక్కా నలుగురిలో వేసుకున్నాయన ఒంటిమీదే చిరుగుతుంది. ముందు నువ్వు తిను."

శుక్రవారం తొమ్మిదింటికి అధికారిణి ముందు నాలుగు కాగితాలు పెట్టింది. అరవై మూడు పేర్లు, ఏది ఏ గదిలో ఉంది, దానికేం చేసింది. చివరిదాని కింద రెండు గీతలు.

అధికారిణి అంతా చదివి, పాత ఫారం తీసింది. "ఈ సంతకం మీదేనా?"

"నాదే మేడమ్."

"తెలిసే రాశారా?"

నీళ్ళు నమలడానికి అది మంచి చోటే. ఆమె నమల్లేదు. "తెలిసే రాశాను."

"మెమో ఇవ్వక తప్పదండీ."

"ఇవ్వండి."

పదింటికి ఇద్దరూ కలిసి కిందికి వెళ్ళారు. పాత సర్వరును అక్కే ఆపింది. ఆపాక ఆమెకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పావుగంటకు వార్డు నుంచి నర్సు ఫోను చేసి, రిపోర్టు వచ్చిందని చెప్పింది.

మధ్యాహ్నం మెమో టైపయి వచ్చింది. అక్క చదువుకుని సంతకం పెట్టింది. అధికారిణి ఆ నాలుగు కాగితాలూ చేతిలో పట్టుకుని ఆలోచిస్తోంది.

"ఒక కాపీ ల్యాబులో అంటిస్తాను. అసలుది ఎక్కడ పెట్టమంటారు? మీ బీరువాలోనా?"

"నా బీరువాలో వద్దు. మళ్ళీ అందరూ నన్నే అడుగుతారు," అంది అక్క. "నా మెమోకే జత చేయండి మేడమ్. ఈ ఆసుపత్రిలో ఏ కాగితమైనా పోతుంది గానీ మెమో పోదు."

అధికారిణి నవ్వలేదు. స్టేప్లరు అందుకుంది.