అద్దం కిందికి తిప్పిన చెయ్యి

ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా తిప్పి తిప్పి వేరే మాటల్లో చెప్పుకున్నానే తప్ప ఉన్నదున్నట్టు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. రోజూ పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడు ఈ బరువు కూడా దాంతోపాటే లేస్తుంది. ఇక మోయలేను.

మొయినాబాద్‌లో మాది ఇనుప సామాన్ల దుకాణం. మేకులు, బోల్టులు, నట్లు, తాళాలు. కూర్చున్న చోటు నుంచి కదలని ఇంట్లో పుట్టినందుకేమో, నాకు బండి పిచ్చి పట్టింది. ఆ పిచ్చే ఉన్నవాడు ఇంకొకడు దొరికాడు. అతన్ని ఇక్కడ మల్లేశ్ అంటాను, అసలు పేరు కాదు. పక్కనున్న చిన్న మంగళారం అనే ఊరివాడు, వయసులో నాకంటే చిన్న, చేవెళ్ల రోడ్డు మీద బండ్లు బాగుచేసేవాడు. ఆదివారాలు ఇద్దరం వికారాబాద్ గుట్టల దాకా పోయి వచ్చేవాళ్లం. చివరికి ఒక ఏడాది తెగించాం. బండ్లను ఓడలో ఇరాన్ పంపి, అక్కడి నుంచి మధ్య ఆసియా దేశాలు దాటుకుంటూ యూరప్ చేరాలని బయలుదేరాం.

మాకొక నియమం ఉండేది. చేవెళ్ల రోడ్డు మీదే పెట్టుకున్నది. ముందు పోయేవాడు అద్దంలో వెనకవాడి లైటు చూస్తూ ఉండాలి. లైటు కనబడకపోతే ఆగాలి. ఆగినా రాకపోతే వెనక్కి తిరగాలి. అంతకుముందు ఎంత పోట్లాడుకున్నా సరే. అందుకే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా లైట్లు వేసుకునే నడిపేవాళ్లం. రోజూ బయలుదేరే ముందు రెండు బండ్ల నట్లూ మల్లేశే పానా పట్టి బిగించేవాడు. వీసాలు, కాగితాలు, సరిహద్దుల దగ్గర బతిమాలడం నా వంతు.

అతనికి భాష రాదు. అయినా ఎక్కడ ఆగినా జనం అతని చుట్టూ చేరేవాళ్లు. టీ పోసేవాళ్లు, రొట్టెలు కట్టిచ్చేవాళ్లు, పిల్లల్ని తెచ్చి అతని బండి మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసుకునేవాళ్లు. ఆ ఫొటోలు తీసేది నేను. నవ్వుతూనే తీసేవాణ్ణి. లోపల కాలిపోయేది. ఇంత దూరం అతన్ని తెచ్చింది నేను కదా, నన్నెవరూ అడగరేం? ఇంత చిన్న సంగతికి మనిషి మనసు అంత చెడిపోతుందా? నాది చెడిపోయింది.

కజకిస్తాన్‌లో ఒక పొద్దున, మాకు రాత్రి చోటిచ్చిన ఇంటి ముసలాయన మల్లేశ్‌ను వదలడం లేదు. ఆలస్యమవుతోందని నేను కసురుకున్నాను. నలుగురి ముందు అనరాని మాట అన్నాను. అతను పానా తీసి రెండు బండ్ల నట్లూ చూసి, హెల్మెట్ పెట్టుకుని నా వెనక వచ్చాడు.

ఎటు చూసినా చెట్టు లేని బయలు. కంకర రోడ్డు. నా అద్దంలో అతని లైటు ఒక చుక్కలా వెంటబడుతూనే ఉంది. క్షమాపణ చెప్పాల్సింది నేనే అని ఆ చుక్క గుర్తు చేస్తున్నట్టు అనిపించింది. భరించలేకపోయాను. చెయ్యి చాచి అద్దాన్ని కిందికి తిప్పేశాను. రెండో అద్దం ఇరాన్‌లోనే పగిలిపోయింది. అంటే ఇక నాకు అతను లేడు.

ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. వేగం పెంచాను. చాలా దూరం పోయాక ఒక గుడిసె హోటల్ కనిపిస్తే ఆగి, టీ తాగాను. తిన్నాను. వస్తాడులే, వచ్చి అన్నా ఆగలేదేందని బతిమాలుతాడులే, అప్పుడు చూద్దాం అనుకుంటూ కూర్చున్నాను. ఎండ వాలింది. అతను రాలేదు. అప్పుడు వెనక్కి తిరిగాను.

కంకరలో జారి పడ్డాడు. బండి కాలు మీద ఉంది. నన్ను చూసి మొహంలో నవ్వు లాంటిదొకటి వచ్చింది.

"అద్దంల కనవడలేనా అన్న? నేను లైటు కొడ్తనే ఉన్న."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా.

"నట్టు లూజైంది మల్లేశ్. అద్దం ఒరిగిపోయింది. నేను జూస్కోలె."

అతను కళ్లు మూసుకున్నాడు. "పొద్దుగాల బిగిచ్చింది నేనే గదా. మనసు మంచిగ లేకుండె. సరిగ బిగియలేదేమో. నా తప్పే అన్న, నువ్వేం ఫికర్ జెయ్యకు."

నేను ఊరుకున్నాను. అంతే. నా పాపం ఇంత చిన్నది, ఇంత పెద్దది. అద్దం తిప్పడం కోపంలో చేసిన పని అని ఎవరైనా అంటారేమో, కానీ ఆ తర్వాత ఊరుకోవడం ఏ కోపంలో చేసిన పని? కాస్త ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదని అక్కడి డాక్టరు చెప్పాడు. మోకాలి దాకా తీసేశారు. ఆ మాట విన్నప్పుడు మల్లేశ్ నా వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు.

ఇప్పుడు పెట్టుడు కాలుతోనే బండ్లు బాగుచేస్తాడు. ఆదివారం పొద్దున చేవెళ్ల వైపు పోయే కుర్రాళ్లు మొయినాబాద్‌లో టీకి ఆగితే, ప్యాంటు పైకి లాగి చూపిస్తాడు. ఒక్కనాడు నట్టు సరిగ బిగియకపోతే గిట్లయితదని చెబుతాడు. నా భుజం మీద చెయ్యేసి, ఈ అన్న తిరిగి రాకుంటే బతికేటోణ్ణి కాదు అంటాడు. వాళ్లు నన్ను చూసి తలలు ఊపుతారు. నేను టీ తాగుతాను. ఎన్ని ఆదివారాలు!

మొన్న ఇంటికి వచ్చాడు. అతని చెల్లెలు అదే దారిలో బండి మీద పోతానంటోందట. ముందు నేను నడపాలట. "అది నీ అద్దంల ఉంటె నాకు రంది లేదన్నా" అన్నాడు. నా జవాబు కోసం ఆగలేదు. గోడ పట్టుకుని, ఆ కాలు పక్కకు చాపి, కష్టంగా నా బండి పక్కన కూర్చున్నాడు. అద్దం నట్టుకు పానా పెట్టాడు. బిగించాడు. సరిపోయిందో లేదోనని మళ్లీ బిగించాడు. చెమటలు పట్టాయి. ఈసారి లూజ్ కాదన్నా అని పైకి చూశాడు.

పోలేనని చెప్పాలా? అదీ మరో అబద్ధమేగా. పోతానని ఆ పిల్లను వెంటేసుకుని ఎట్లా పోను? అతని ముందు నిలబడి చెప్పే ధైర్యం వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా ఆ కాలు రాదు. ఇన్నేళ్లు తన చేతుల్ని తనే అనుమానించుకున్న ఆ మనిషికి ఆ ఏళ్లు తిరిగి ఇవ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీరిచ్చేది కాదు. ఒక్క వాక్యం మాత్రం నా చేతులతో రాసి చూసుకోవాలని ఉంది, రాస్తున్నాను, రాస్తుంటే ఎన్నాళ్ల తర్వాతో ఊపిరి ఆడుతోంది.

ఆ పొద్దున నువ్వు నట్టు గట్టిగానే బిగించావు, మల్లేశ్.