చౌడు మిద్దె

తడిసిన చౌడు వాసన తగిలి ఎన్నేళ్ళయిందో. మొన్న జమ్మలమడుగులో మా ఇల్లు కూలగొడుతున్నారంటే వెళ్ళి మట్టి ఎత్తుతున్న ట్రాక్టరు పక్కన నిలబడ్డాను, ఒక్కసారిగా ముక్కుకు కొట్టింది. బయట ఎండలు మండుతున్నా కప్పులోంచి దిగిన ఆ మన్ను ఇంకా తడిగానే ఉంది. మా ఇంటిని చంపింది ఆ తడే.

చిన్నప్పుడు తొలకరికి ముందు బండ్ల మీద చౌడు వచ్చేది. నాపరాళ్ళ గోడలు, వాటి మీద దూలాలు, పలకలు, ఆ పైన మట్టి, అన్నిటికీ పైన ఈ ఉప్పుమన్ను. వాన పడితే బిగుసుకుని చుక్కను లోపలికి రానిచ్చేది కాదు. ఏటేటా పాతది గీకి కొత్తది పరచాలి. ఆ రోజు అవ్వ బొరుగులు నానేసి పెద్ద గిన్నెనిండా ఉగ్గాని కలిపి, మిరపకాయ బజ్జీలు వేసి పైకి పంపేది; మా చిన్నాయన పంచె ఎగ్గట్టి కూలీలతో పాటు మన్ను తొక్కేవాడు; మేం పిల్లలం సాయం పేరుతో కుప్పల మీద దొర్లి, ఒళ్ళంతా తెల్లగా చేసుకుని దిగి తిట్లు తినేవాళ్ళం. వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచిలోంచి ఎండబిళ్ళ ఒకటి నడవలో పడేది. అది జరుగుతుంటే తొక్కే ఆట మాది. అది కొర్రల గాదె దగ్గరికి చేరితే అవ్వ లేచి పొయ్యి ముట్టించేది. ఆమెకు గడియారం చూడడం రాదు, ఆ అవసరమూ పడలేదు.

అవ్వ పోయాక చౌడు తోలేవాళ్ళూ కరువయ్యారు. ఇంటిని ప్రాణంగా చూసుకున్న చిన్నాయన, ఇక ఏటా ఈ అవస్థ ఉండదని, మట్టి మీదనే సిమెంటు పోయించి గవాచి మూయించాడు. వీధంతా మెచ్చుకుంది. ఆ సిమెంటు ఎండకు పగిలింది. పగుళ్ళలో దిగిన వాన ఆరే దారి లేక మట్టిలోనే నిలిచిపోయింది.

పోయినేడు పాత కట్టడాలు చూసేవాళ్ళు వచ్చారు. ఊళ్ళో ఇలాంటి మిద్దె ఇదొక్కటే మిగిలిందని, కాపాడవలసిందేనని సంబరంగా చెబుతూ దూలాన్ని గునపంతో పొడిచి చూశారు. తడికి మెత్తబడిన కొయ్యలోకి గునపం సగానికి దిగింది. వాళ్ళలో పెద్దాయన మిద్దె ఎక్కి దిగి, "సిమెంటు ఎవురు పోయించినారప్పా?" అనడిగాడు.

"నేనే," అన్నాడు చిన్నాయన. "శానా కాలం నిలబడాలని."

ఆ పెద్దాయన తన వాళ్ళను తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ట్రాక్టరు నిండుతుంటే చిన్నాయన డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు.

"ఆ చౌడు యాడ పోస్తాండావు?"

ఏదో గుంత పూడ్చడానికని చెప్పాడతను. చిన్నాయన తలూపి, పిడికెడు తీసుకుని, మళ్ళీ ట్రాక్టరులోనే వేసేశాడు. నాకు ఏడుపొచ్చింది. గాదె ఉండిన చోటు వెతుక్కుంటూ నడవలోకి వెళ్ళాను. కప్పు లేదు, ఎండ ఇల్లంతా పడుతోంది. పొయ్యి ముట్టించే వేళయిందో లేదో తెలియలేదు.