మా అత్త చర్చికిచ్చిన ఇరుకు ద్వారం

ఆ రోజుల్లో ఇంగ్లీషులో అచ్చయిన కాగితం ఏదైనా సరే, అందులో ఉన్నది మంచిమాటే అయివుంటుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. అలాంటి కాగితం నేలమీద కనబడితే మా మేనత్త దాన్ని కళ్లకద్దుకునేది కాదుగానీ (మేము క్రైస్తవులం, ఆ పద్ధతి మాకు లేదు), దాదాపు అంత పనీ చేసి బల్లమీద పెట్టేది. దగ్గుమందు సీసాతో వచ్చిన చీటీని కూడా నిలబడి చదివేది. ఆవిడ ఒక మిషన్ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరై మారేడ్‌పల్లిలో ఉండేది. పెళ్లి చేసుకోలేదు. మా చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. అమ్మానాన్నలు గుంటూరులో ఉంటే నేను చదువుకని వచ్చి ఆవిడ దగ్గరే ఉండిపోయాను. హిస్టరీలో ఎం.ఏ. పాసై అప్పుడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. చేరి నిండా ఒక టర్మ్ కాలేదు గానీ, ప్రపంచ చరిత్రంతా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నట్టు నడిచేదాన్ని.

ఆ ఏడు మా చర్చికి కొత్త హాలు కట్టారు. ప్రారంభానికి బిషప్‌గారు వస్తున్నారు. తలా ఒక కానుక ఇవ్వాలన్నారు. ఒకరు ఫ్యాన్లు, ఒకరు కుర్చీలు రాయించుకున్నారు. చర్చిలో ఆర్గాన్ వాయించే ఆంటీ (మా అత్తకీ ఆవిడకీ పాతికేళ్లుగా ప్రేమపూర్వకమైన పోటీ) గంటలు కొట్టే గోడగడియారం ఇస్తానంది. ఆ మాట విన్న సాయంత్రమే మా అత్త నన్ను స్టూలెక్కించి వంటింటి అటక మీద నుంచి ఒక రేకుపెట్టె దింపించింది. అది దొరమ్మగారి పెట్టె. మా నాయనమ్మ చిన్నప్పుడు ఆడపిల్లల బడి నడిపిన ఇంగ్లీషు దొరమ్మ, స్వదేశం వెళ్లిపోతూ దాన్ని మా నాయనమ్మకిచ్చిందట. దొరమ్మ ఎంత భక్తురాలంటే జీవితంలో నవ్వి ఎరగదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. పెట్టెలో ఒక గొడుగు, చిల్లులు పడ్డ లేసు గుడ్డలు, అన్నిటికీ అడుగున చాపలా చుట్టిన ఒక పెద్ద బొమ్మ ఉన్నాయి. రాగిరేకు మీద సన్నటి గీతలు చెక్కి కాగితం మీద అచ్చువేసిన పాతకాలపు బొమ్మ. ఏళ్ల తరబడి కట్టెలపొయ్యి పొగ తాగి సగం పైగా నల్లబడిపోయింది. పైనంతా నల్లటి మబ్బు. మధ్యలో రెండు లావుపాటి స్తంభాలు, వాటి మీద గుమ్మటంలాంటిదేదో గుండ్రంగా. కింద టోపీలు చేతబట్టుకుని, తలలు వంచుకుని వరసగా నిలబడ్డ పెద్దమనుషులు.

"దీనిమీద ఏం రాసుందో చదువమ్మా, హిస్టరీ చదివావుగా" అంది అత్త. అడుగున మెలికల అక్షరాలున్నాయి. కళ్లు చికిలించి చదివాను. "ది ఓన్లీ గేట్ టు..." ఆ తర్వాతదంతా మసి.

"ఏకైక ద్వారం అంటే ఇంకేమిటే, బైబిల్లో చెప్పిన ఇరుకు ద్వారం! పరలోకానికి పోయే దారి!" అంది అత్త. "చూడు, భక్తులెలా తలలు వంచుకుని ఉన్నారో. ఆర్గాన్ వాయించేవాళ్లు గడియారాలిస్తారు. మనం వాక్యం ఇద్దాం."

నేనూ ఊరుకోలేదు. ఆ స్తంభాలు ఫలానా కాలపు కట్టడపు పద్ధతి అనీ, గుమ్మటం రోమునగరం ప్రభావమనీ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. (అత్త పక్కింటివాళ్లని కూడా పిలిచి మళ్లీ చెప్పించింది.)

మోండా మార్కెట్ వెనక సందులో ఫ్రేములు కట్టే ఒక చాచా ఉండేవాడు. మా ఇంట్లో ఫోటోలన్నీ ఆయన కట్టినవే. బొమ్మ తుడిచి, అద్దం వేసి, మంచి టేకు ఫ్రేము కట్టమని ఇచ్చి వచ్చాను. ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే ఆటో వేసుకుని తేవడానికి వెళ్తే, చాచా దాన్ని న్యూస్‌పేపర్లలో చుట్టి, దారంతో కట్టి సిద్ధంగా ఉంచాడు. కానీ నా మొహం చూడడు. దుకాణంలో ఉన్న మేకులన్నీ అప్పుడే సర్దాలన్నట్టు సర్దుతున్నాడు.

"బిడ్డా, జెర ఇప్పి చూస్కో."

"టైం లేదు చాచా. బిషప్‌గారు వచ్చేస్తారు."

"గట్ల గాదు బిడ్డా... మసి తుడుస్తుంటె నాకే పరేషాన్ అయింది. గిది మీ చర్చిల పెట్టెదేనా?"

"అవును చాచా, చాలా పవిత్రమైన బొమ్మ."

చాచా రెండు చెవులూ పట్టుకున్నాడు. "అయితె నేనేం అన బిడ్డా. ఒకరి మతం సంగతి మనకెందుకు" అని ఫ్రేమును తనే తెచ్చి ఆటోలో పెట్టి, నా వంక జాలిగా చూశాడు. తన పనితనానికి తనకే మాటలు రావడం లేదేమో అనుకున్నాను.

హాలు కిటకిటలాడుతోంది. మేము చేరేసరికి ప్రార్థన షురూ అయింది. కాగితాలు విప్పేందుకు వ్యవధి లేక, ఇద్దరు యువకులు ఫ్రేమును అలాగే గోడకి తగిలించి, మీద తెల్ల దుప్పటి కప్పి, చాటునుంచే దారం తెంపి కాగితాలు లాగేశారు. ముందు వరసలో మా చర్చి కమిటీ పెద్ద కూచున్నాడు. ఆయన్ని అందరూ చాటుగా కుర్చీ అంకుల్ అనేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ కుర్చీ ఆయనదే. చర్చిలో గానీ, చర్చి బడుల్లో గానీ చిన్న పదవి కావాలన్నా పొద్దున్నే ఆయన వరండాలో నిలబడి మంచిమాటలు చెప్పాల్సిందే. మరుసటి వారమే కమిటీ ఎన్నికలు. నిలబడదలచుకున్న వాళ్లందరూ ఆ పూట ఆయన వెనక వరసలో సర్దుకుని కూచున్నారు.

"మన సహోదరి ఇచ్చిన ఇరుకు ద్వారం అనే అమూల్యమైన చిత్రాన్ని ఇప్పుడు బిషప్‌గారు ఆవిష్కరిస్తారు" అన్నారు మైకులో. బిషప్‌గారు చిరునవ్వుతో దుప్పటి లాగారు.

చప్పట్లు రెండు మోగి ఆగిపోయాయి.

అవి స్తంభాలు కావు, కాళ్లు. మేజోళ్లు తొడిగిన రెండు బ్రహ్మాండమైన కాళ్లు. మబ్బు అనుకున్నది ఒక మహాకాయుడి కోటు. ఆయన వీధికి అడ్డంగా కాళ్లు ఎడంగా పెట్టి, మనవైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఇక ఆ గుమ్మటం సంగతి ఎలా చెప్పను? ఆయన లాగు కిందికి జారి ఉంది. చాచా ఆ గుమ్మటాన్ని ఎంత శ్రద్ధగా తుడిచాడంటే హాలంతటికీ అదే వెలుగు. టోపీలు చేతబట్టుకున్న పెద్దమనుషులు వరసలో వచ్చి, ఒక్కొక్కరూ అక్కడ భక్తిగా ముద్దుపెట్టి, కాళ్ల మధ్యనుంచి అవతలికి పోతున్నారు. అవతల ఒక భవనం, దాని నిండా కుర్చీలు.

పక్కనున్న ముసలమ్మ "దేవా!" అని కొంగు కళ్లకి కప్పుకుంది, మళ్లీ ఒక కంటికి తీసింది. మైకు పట్టుకున్నాయన మైకుని జేబులో పెట్టుకోబోయాడు. బిషప్‌గారు కళ్లజోడు సవరించుకుని అడుగున ఉన్న అక్షరాలు పైకే చదివారు. "ది ఓన్లీ గేట్ టు... ఆఫీస్." పదవికి ఏకైక ద్వారం!

ఆ నిశ్శబ్దంలో పాటలు పాడే అమ్మాయిల్లోంచి ఒక గుసగుస హాలంతా వినబడింది. "ఏయ్, ఆ మూడో ఆయన అచ్చం మన చర్చి సెక్రటరీ అంకుల్ లాగా లేడూ?" ఎవరో కిసుక్కుమన్నారు. అందరి కళ్లూ బొమ్మ మీదినుంచి కుర్చీ అంకుల్ మీదికీ, ఆయన వెనక వరసలోకీ జారాయి. కుర్చీ అంకుల్ మొహం వంకాయ రంగుకి తిరిగింది. "ఎవరండీ ఇది తెచ్చింది? ఎవరి పని ఇది?" అని లేచాడు.

నేనే లేచి నిలబడాలి. ముందు కుర్చీ చాటుకి వంగాను. చాచా పేరు చెప్పేద్దామా అని కూడా క్షణం అనిపించింది. ఈలోగా మా అత్త లేచింది. ముప్పై ఏళ్లు బడి అసెంబ్లీ నడిపిన గొంతు, మైకు అక్కర్లేదు. మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

"నేనే ఇచ్చానండీ. నా ఇంటి బొమ్మ, నా బాధ్యత. ఇరుకు ద్వారం అనుకున్నాను." బొమ్మని ఇంకోసారి, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "కాస్త వెడల్పుదని తేలింది."

బిషప్‌గారు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగారు. ఆయన భుజాలు చాలాసేపు కదిలాయి. ఆ తర్వాత ఆయనే దుప్పటి మళ్లీ కప్పి, "గడియారం ఎక్కడుంది?" అన్నారు.

ఇంటికి వచ్చాక అత్త అన్నం ముట్టలేదు. పరువు పోయిందని కాదు, దొరమ్మగారి మీద బెంగ. "అంతటి భక్తురాలు! ఇలాంటిది ఎందుకు దాచుకుందే? మా అమ్మ ఆవిడ పేరు చెబితే లేచి నిలబడేది." తరవాత నేను లైబ్రరీలో వెతికి తెలుసుకున్నాను. రెండు మూడు వందల ఏళ్ల కిందట లండనులో ఇలాంటివి దుకాణాల అద్దాల వెనక తగిలించేవారట. మంత్రుల్నీ, రాజుల్నీ కూడా వదలకుండా, దారినపోయే జనమంతా ఆగి విరగబడి నవ్వేవారట. అది చెబితే అత్త నోరు తెరిచింది. "రాజుగారిని కూడానా? తెల్లవాళ్లేనా?" అంది. తరవాత, "అయితే తలుపేసుకుని నవ్వేదేమో పాపం. మన ముందర నవ్వితే బడి సాగదుగా" అంది. ఆ పెట్టెలోని లేసు గుడ్డల్ని ఆ మాటన్న రాత్రే ఉతికి మడతపెట్టింది. ఎన్నికల్లో కుర్చీ అంకుల్ మళ్లీ నెగ్గాడు, కానీ ఆయన వరండాలో నిలబడేవాళ్లు తగ్గారని విన్నాను. మా అత్త కార్యదర్శిగానే ఉండిపోయింది. తీసెయ్యాలంటే కారణం మినిట్సు పుస్తకంలో రాయాలి, అది రాసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నేను మాత్రం ఏడాదిపాటు చర్చికి ముందు గేటుగుండా వెళ్లలేదు. పక్క సందులోంచి, పాట మొదలయ్యాక వెళ్లి, ముగింపు ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుని ఉండగానే లేచి వచ్చేసేదాన్ని. నా జీవితం అయిపోయిందనీ, నేను ముసలిదాన్నయినా నన్ను చూపించి ఆ బొమ్మ గురించే చెప్పుకుంటారనీ రాత్రిళ్లు ఏడ్చేదాన్ని. అత్త పోయాక మొన్న క్రిస్మస్‌కి ఆర్గాన్ ఆంటీని చూడటానికి వెళ్లాను. ధైర్యం చేసి నేనే ఎత్తాను, ఆ బొమ్మ సంగతి గుర్తుందా ఆంటీ అని. ఆవిడ కేకు ముక్క నములుతూ చాలాసేపు ఆలోచించింది. "ఏ బొమ్మమ్మా? ఆ రోజు నా గడియారం కదూ పెట్టారు?" అంది. ఇంటికి వచ్చే దారంతా, సందులవెంట తలవంచుకుని నడిచిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొచ్చింది. పాపం, అంత పెద్ద సిగ్గునీ ఒక్కతే మోసిందే అని నవ్వూ వచ్చింది, కాస్త కోపమూ వచ్చింది.