భర్త పేరు రాయాల్సిన గడి

ఇన్నేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. పనిలో పడి మరిచిపోయాననుకుంటాను. ఎవరైనా ఒక ఫారం ముందు పెట్టి, భర్త పేరు రాయమంటే చాలు, చెయ్యి ఆగిపోతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి, ఆ ధైర్యం ఇంకా రాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. ఒక క్యాన్సర్ ఆసుపత్రి పరిశోధన కోసం గద్వాల చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లకు గర్భసంచి పరీక్షలు చేసేది. నేను అందులో ఆరోగ్య కార్యకర్తను. తాత్కాలిక ఉద్యోగం, ఏటా పొడిగించాలి. వచ్చినవాళ్ల వివరాలు కార్డు మీద రాయడం, ఫలితం వచ్చాక ఊరికి వెళ్లి చెప్పడం నా పని.

ఇటిక్యాల దాటాక ఒక ఊళ్లో శిబిరం పెట్టాం. వరుసలో ఒకరి వెనక ఒకరు ఇద్దరు జమ్ములమ్మలు వచ్చారు. జమ్ములమ్మ మా వైపు అమ్మవారు, ఆ పేరు పెట్టుకున్నవాళ్లు లేని వాడ ఉండదు. ఇద్దరికీ ముప్పై అయిదేళ్లని రాశాను. వాళ్లకూ సరిగ్గా తెలియదు, నాకూ తెలియదు. మీ ఆయన పేరేమిటని అడిగితే మొదటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి పేరు పెళ్లాం నోటితో చెప్పదు, పక్కవాళ్లు చెప్పాలి. నేనూ ఆ గడ్డ మీద పుట్టినదాన్నే, నాకు తెలియనిది కాదు. వరుసలో ఎవరినో పిలిచి అడిగితే ఒక్క నిమిషం పని. కానీ పొద్దుటి నుంచి రాసి రాసి విసుగెత్తి ఉన్నాను. రెండో ఆమె కూడా నవ్వేసరికి చిరాకుపడి రెండు కార్డుల్లోనూ ఆ గడి ఖాళీగా వదిలేశాను.

శిబిరం సర్దుకునేటప్పుడు అంగన్‌వాడీ టీచరును అడిగాను. ఊళ్లో ఆ వయసు జమ్ములమ్మలు ఇద్దరేనని, ఒకామె తిమ్మప్ప భార్య, ఒకామె కుర్మన్న భార్య అని చెప్పింది. ఎవరు ముందు వచ్చారో ఆమె చూడలేదు. నాకూ గుర్తులేదు. మొదటి కార్డులో కుర్మన్న అని, రెండో దాంట్లో తిమ్మప్ప అని రాసేశాను. ఎందుకలా రాశానంటే, ఏ కారణమూ లేదు.

మొదటి కార్డు జమ్ములమ్మకు తేడా ఉందని ఫలితం వచ్చింది. నేను ఊరికి వెళ్లిన రోజే కూలీల గుంపు పుణె పోతోంది. తిమ్మప్ప భార్య లారీలోకి మూటలు అందిస్తోంది. నీకేం లేదు, నిమ్మళంగా పో అన్నాను. ఆమె దండం పెట్టింది. కుర్మన్న భార్యను ఆసుపత్రికి పిలిపించాం. మళ్లీ పరీక్షలు చేశారు, ముక్క తీసి కూడా చూశారు. ఏమీ లేదు. మొదటి పరీక్షే తప్పయి ఉంటుందని డాక్టరు అలాగే రాసుకున్నాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. కార్డుల్లో మొగుళ్ల పేర్లు తారుమారు చేశానని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

గుంపు మేస్త్రీ ఫోను నంబరు నా డైరీలో ఉంది. ఒక్క ఫోను చేస్తే చాలు. ఎందుకు చేయలేదు? మరుసటి నెలలో నా ఉద్యోగం పొడిగించాలి, ఆ గడి ఊహించి నింపానని తెలిస్తే ఇంటికి పంపేస్తారు. డాక్టరు చెప్పిందే నిజమేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. ఉగాదికి గుంపు వస్తుంది, ఏదో ఒక సాకుతో ఆమెకు మళ్లీ పరీక్ష చేయిద్దాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అనుకున్నానని ఇప్పుడు చెప్పుకుంటున్నానా? ఉగాదికి గుంపు వచ్చింది. ఆమె రాలేదు. మొగుడూ పెళ్లామూ అక్కడే ఇంకో పనికి కుదిరారట. అది విని నేను హమ్మయ్య అనుకున్నాను. చూశారా, నేను ఎలాంటిదాన్నో.

ఆ మరుసటి ఏడాది వానాకాలంలో ఒక రోజు ఆసుపత్రిలో చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చున్నాను. తిమ్మప్ప ఆమెను భుజానికి ఆనించుకుని తీసుకొచ్చాడు. మనిషి సగమైపోయింది. నేను గుర్తుపట్టలేదు. ఆమే పట్టింది.

"సిస్టరమ్మా, నువ్వేనా? ఈడ ఎరికైనోళ్లు ఎవరూ లేరని పరేషాన్ అయితున్న."

"ఎన్ని దినాల సంది గిట్లుంది?" అన్నాను.

"నిరుడు ఎండకాలం సంది రక్తం పోతుంది. పక్క గుడిసెలామె దవాఖానకు పో, పో అన్నది. నేనే పోలే. మా సిస్టరమ్మ సూసి చెప్పింది, నాకేం లేదంట అన్న."

నా చేతిలో కలం ఉంది. పేరు రాశాను, ఊరు రాశాను. ఆ గడి దగ్గర ఆగిపోయాను. ఆమె చూసింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"ఆయన పేరా? రాసుకో సిస్టరమ్మా. తిమ్మప్ప. ఇంగ నాకు సిగ్గేంది."

జబ్బు అప్పటికే అంతటా పాకింది. కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు, నొప్పికి మందులిచ్చారు. నేను రోజూ ఆమె మంచం దగ్గరికి పోయేదాన్ని. నా చెయ్యి పట్టుకునేది. చెప్పాలని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. దసరా రాకముందే పోయింది. నెల తర్వాత తిమ్మప్ప నన్ను వెతుక్కుంటూ వచ్చి, తమ చేలోవని పల్లికాయ సంచి ఒకటి ఇచ్చాడు. మంచిగ సూసుకున్నవు అమ్మా అన్నాడు. నేను తీసుకున్నాను. తినలేకపోయాను, పారేయలేకపోయాను. పురుగు పట్టేదాకా అలాగే ఉంచాను.

పరిశోధన రికార్డులో అది ఇప్పటికీ పరీక్షలో వచ్చిన తప్పుగానే ఉంది. పరీక్ష తప్పు చేయలేదు. నేను చేశాను. కార్డు రాసిన రోజు చేసింది పొరపాటే అనుకున్నా, డాక్టరు పక్కన నోరు మూసుకుని నిలబడింది పొరపాటు కాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. అడగాల్సిన మనిషిని అడిగే రోజులున్నప్పుడు నేను అడగలేదు. ఇదంతా రాశాక గుండె కొంచెం తేలికైంది. అలా తేలికపడే హక్కు నాకుందో లేదో తెలియదు.

ఆ రోజు వరుసలో ముందు వచ్చి, నేను అడిగితే నవ్విన మనిషి పేరు జమ్ములమ్మ. భర్త పేరు తిమ్మప్ప.