వారం గడువు గొంతు

ఉరుమాయన గొంతుకి వారం రోజులే గడువు, పాల ప్యాకెట్టుకి ఉన్నట్టు. అది రోగం పెట్టిన గడువు కాదు. రోగం తన పని తాను చక్కబెట్టుకుని ఎప్పుడో వెళ్ళిపోయింది. ఈ గడువు పెట్టింది ఆయన ఫోను కంపెనీ, అదీ పాపం ఆయన మేలు కోరే.

ఉరుమాయన పాత సామాన్ల వేలంశాలలో పాట నడిపించే మనిషి. ఉరుములాంటి గొంతుని బట్టి జనం పెట్టిన పేరది. ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళ బీరువాలు, మంచాలు, కాలు విరిగిన కుర్చీలు, ఎవరి మొహమూ సరిగ్గా కనిపించని నిలువుటద్దాలు, అన్నీ అక్కడికి చేరతాయి. చెక్క సుత్తి పట్టుకుని ఆయన "ఒకటోసారీ!" అన్నాడంటే చివరి వరసలో కునికిపాట్లు పడేవాడు కూడా లేచి జేబు తడుముకునేవాడు. అరుపుతో సరిపెట్టేవాడు కాదు, తిట్టేవాడు. "చెయ్యెత్తితే ఊడిపోతుందేంట్రా?" "ఊరికే చూసి పోడానికి ఇదేమన్నా సినిమానా?" అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది ముందు వరసలో కూర్చునే పాత ఇనుము వ్యాపారి. ఏళ్ళ తరబడి "పిసినారి పీనుగా" అని పిలిపించుకుంటూ ఒక్క వేలమూ మానకుండా వచ్చేవాడు.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసెయ్యాలి, ఇక మాట రాదు అన్నాడు డాక్టరు. ఆయన మేనకోడలిది యాప్‌లు తయారుచేసే ఉద్యోగం. ఆపరేషను ముందు ఆ పిల్ల ఆయన్ని ఒక గదిలో కూర్చోబెట్టి, తలుపులేసి, గొంతంతా రికార్డు చేసింది. అంకెలు, సామాన్ల పేర్లు, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, తిట్లు, భార్యని పిలిచే "ఏమేవ్".

"మామయ్యా, 'దయచేసి', 'థాంక్యూ' కూడా చెప్పండి. పనికొస్తాయి."

"ఎప్పుడన్నా అన్నానటే అవి? ఇప్పుడు కొత్తగా అంటే జనం జడుసుకుంటారు."

ఆ రికార్డింగుతో మేనకోడలు ఒక యాప్ తయారుచేసింది. అంకె నొక్కితే చాలు, అది ముక్కలన్నీ అతికించి ఆయన గొంతుతోనే పాట పలికేది. మెడలో వేసుకునే స్పీకరు ఒకటి వేలంశాల యజమాని కొనిచ్చాడు. అదీ ఆ ఫోను కంపెనీదే. ఇంకే కంపెనీ ఫోనుతోనూ మాట్లాడేది లేదని భీష్మించుకుంది.

ఇక మిగిలింది ఒక్క చిన్న పని. ఆ ఫోనులోకి ఏ యాప్ రావాలన్నా కంపెనీవాళ్ళ యాప్‌ల దుకాణం గుమ్మంలోంచే రావాలి. ఫోను ఉరుమాయనది, కట్టిన డబ్బు ఉరుమాయనది, గొంతు ఉరుమాయనది, తాళంచెవి మాత్రం వాళ్ళ దగ్గరుంది.

మేనకోడలు యాప్ పంపింది. దుకాణం తిప్పికొట్టింది. అందులో వాడేవాళ్ళ మనసు నొప్పించే భాష ఉందట. వాడేది ఉరుమాయన ఒక్కడే. తన తిట్లు తానే విని ఆయన మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని కంపెనీ తల్లడిల్లిపోయిందన్నమాట. సరే, తిట్లన్నీ ఏరి పారేసి మళ్ళీ పంపింది. ఇందులో సరుకు బొత్తిగా తక్కువ, మా దుకాణం స్థాయికి తగదు అన్నారు. నిజమే మరి, ఉరుమాయన మాటల్లోంచి తిట్లు తీసేస్తే మిగిలేదెంత? ముచ్చటగా మూడోసారి పంపితే, ఒక్క మనిషికి పనికొచ్చేది అందరి దుకాణంలో ఎందుకన్నారు. అదే దుకాణంలో మొహాన్ని గాడిద మొహంగా మార్చే యాప్‌లున్నాయి. నెల జీతాన్ని ఒక్క పూటలో ఊడ్చిపెట్టే జూదాలున్నాయి. రేపు ఏ రంగు చొక్కా తొడిగితే అదృష్టమో చెప్పేవీ ఉన్నాయి. వాటివల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. ముసలాయన తన గొంతుతో తాను మాట్లాడితేనే కొంప మునుగుతుంది. జవాబు అడుగున మాత్రం, మీ సృజనకు ధన్యవాదాలు అని రాశారు.

ఉచితంగా ఒక సలహా కూడా ఇచ్చారు. దుకాణం ఆమోదించిన 'తేనెగొంతు' అనే యాప్ ఉందట, నెలనెలా అద్దె కడితే ఏ మాటైనా తీయగా పలుకుతుందట. ఎందుకైనా మంచిదని యజమాని దాన్ని తన ఫోనులో వేయించుకుని పలికించి చూపించాడు. "ప్రియమైన కొనుగోలుదారులారా, ఇది మొదటి పర్యాయం" అంది ఒక ఆడగొంతు, నవ్వుతూ. ఉరుమాయన బీరువా వైపు తిరిగి నిలబడ్డాడు.

చివరికి మేనకోడలు ఒక సందు కనిపెట్టింది. యాప్ చేసేవాళ్ళు దాన్ని పరీక్షించి చూసుకోవడానికి ఒక వారం పాటు ఫోనులో పెట్టుకోవచ్చట. వారం తిరగ్గానే చచ్చిపోతుంది, మళ్ళీ తన కంప్యూటరుకి తగిలించి బతికించుకోవాలి. తీసేసిన తిట్లన్నీ మళ్ళీ చేర్చి, ఆ సందులోంచే యాప్ ఎక్కించింది. ఇక వారం వారం ఉరుమాయన బస్సెక్కి మేనకోడలి ఇంటికి వెళ్ళి, సోఫాలో కూర్చుని గొంతు పోయించుకుని వచ్చేవాడు.

ఒకసారి ఫోను వంటింట్లో చార్జింగుకి పెట్టి స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి లోపల్నించి తన గొంతే "ఏమేవ్!" అంటోంది. "ఆ, వస్తున్నా" అంటోంది భార్య, గిన్నెలు తోముతూ. మళ్ళీ తడి చెయ్యి తుడుచుకుని తనే నొక్కింది, తనే పలికింది. గుమ్మంలో ఆయన్ని చూసి కంగారుపడిపోయింది.

"పనిచేస్తోందో లేదోనని చూశానంతే" అంది. ఉరుమాయన విననట్టే వెళ్ళి తల తుడుచుకున్నాడు.

యజమానికి మాత్రం ఈ వారం వారం వ్యవహారం నచ్చలేదు. "అమ్మకం మధ్యలో గొంతు ఆగిపోతే సరుకు ఎవరిదని తేల్చమంటారు? ఒక్కసారి ఆగిందో, ఇక తేనెగొంతే. అది ఇష్టం లేకపోతే హాయిగా ఇంట్లో కూర్చోండి" అన్నాడు. అన్నది మర్యాదగానే. ఉరుమాయనకి మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇంట్లో కూర్చోవడం ఆయనకి చేతకాదు. ఆ నవ్వుగొంతు మెడలో వేసుకుని తన జనం ముందు నిలబడటం అంతకన్నా చేతకాదు.

సరిగ్గా ఆ వారమే మేనకోడలు ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళి ఇరుక్కుపోయింది. గడువేమో వేలం రోజు పొద్దున్నే తీరిపోతుంది. 'మామయ్యా, ముందే యాప్ తెరిచి అలాగే ఉంచండి. తెరిచి ఉన్నంతసేపూ పలుకుతుంది. మూసుకుందంటే నేనొచ్చేదాకా ఇక తెరుచుకోదు' అని రాసింది. ఉరుమాయన ఆ ఫోనుని అంచుదాకా నిండిన గ్లాసులా పట్టుకుని వేలంశాలకి వెళ్ళాడు.

కుర్చీలు పోయాయి, మంచాలు పోయాయి, తిట్లు యథావిధిగా పడ్డాయి. చివరికి గాజు తలుపుల బీరువా వచ్చింది. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ఆవిడకి అది కావాలి. పాత ఇనుము వ్యాపారీ దానిమీదే కన్నేశాడు. పాట పెరిగి పెరిగి ఆవిడ దగ్గర ఆగింది. ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది, ఇంక పెంచలేదని. ఇనుము వ్యాపారి గడ్డం గోక్కుంటున్నాడు.

"రెండోసారీ!" అంది ఉరుమాయన గొంతు.

అప్పుడు మోగింది ఫోను. భార్య. గొంతు పనిచేస్తోందా అని కనుక్కోవడానికి, ఫోనులో మాట్లాడలేని మొగుడికి ఫోను చేసింది. కంగారులో ఆయన బొటనవేలు ఫోన్ కట్ చేసి, ఆ ఊపులోనే యాప్‌ని కూడా పక్కకి తోసేసింది. మళ్ళీ నొక్కాడు. 'ఈ యాప్ ఇక అందుబాటులో లేదు' అంది తెర. ఇంకోసారి నొక్కాడు. అదే మాట.

హాలంతా ఆయన వైపే చూస్తోంది. ఆయన పెదాలు కదిలాయి, మెడలోంచి వట్టి గాలి వచ్చింది. ఏడుపొచ్చిందాయనకి, ఏడ్చినా చప్పుడు లేదు. యజమాని తన ఫోను ఎత్తి పట్టుకుని పరుగున వచ్చాడు.

"ప్రియమైన కొనుగోలుదారులారా..."

"ఆపవయ్యా నీ రైల్వేస్టేషను!" పాత ఇనుము వ్యాపారి లేచాడు. "ఇన్నేళ్ళు తిట్లు తిన్నాం, ఆయన ఏమంటాడో మాకు తెలీదా?" జనం వైపు తిరిగాడు. "చెయ్యెత్తితే ఊడిపోతుందేంట్రా? ఉన్నారా ఇంకెవరన్నా? లేరా?"

ఎత్తాల్సిన చెయ్యి ఇనుము వ్యాపారిదే. దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మూడోసారీ!"

సుత్తి పడింది. బీరువా పుస్తకాలావిడది అయింది. ఉరుమాయన సుత్తితో ఇనుము వ్యాపారిని చూపిస్తూ పెదాలు కదిపాడు. ఆ మాటేమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. హాలు మొత్తం ఒక్క గొంతుతో "పిసినారి పీనుగా!" అని అరిచింది. ఇనుము వ్యాపారి అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ఆ తర్వాత ఉరుమాయన వేళ్ళు చూపిస్తే జనమే పాట పలికారు, జనమే ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. దీనికి ఏ దుకాణం అనుమతీ తీసుకోలేదు. యజమాని ఫోను జేబులో పెట్టుకుని, "వచ్చే వారం పెందలాడే రండి" అన్నాడు ఉరుమాయనతో.

తను ఫోను చేసినందుకు జరిగిన నిర్వాకం ఆయన ఇంటికి చేరేలోపే భార్యకి తెలిసిపోయింది. వంటింట్లో అటు తిరిగి నిలబడి ముక్కు చీదుకుంటోంది, ఎంతకీ ఇటు తిరగదు. పిలుద్దామంటే మేనకోడలు వచ్చేదాకా "ఏమేవ్" లేదు. ఉరుమాయన సంచీలోంచి సుత్తి తీసి బల్ల మీద ఒకసారి కొట్టాడు. ఆవిడ కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు.

"వస్తున్నానండీ" అంది ఆవిడ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మూడోసారి కొట్టకండి."