దాదాపీర్ ప్రింటు తియ్యని ఫోటో

ఆళ్లగడ్డలో చనిపోయినవాళ్ల ఫోటో పెద్దది చేయించాలంటే జనం దాదాపీర్ స్టూడియోకే వచ్చేవాళ్లు. శిరివెళ్ల నుంచి, కోయిలకుంట్ల నుంచి కూడా. రేషన్ కార్డు మీది మసక బొమ్మ ఇచ్చినా సరే, ముడతలు సర్ది, మంచి చీర కట్టించి, మనిషిని లేపి కూర్చోబెట్టినట్టు చేసి ఇచ్చేవాడు. పక్కనే నా టైలరు షాపు. ఏళ్ల తరబడి చూస్తున్నాను, ఊరందరి పనీ వేళకు చేస్తాడు, సొంత పని మాత్రం రేపంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఆయన భార్య జబీనాకు కెమెరా అంటే సిగ్గు. ఫోటో అనగానే కొంగు అడ్డం పెట్టుకునేది. ఒక బక్రీదు రోజు మాత్రం ఏం బుద్ధి పుట్టిందో, పచ్చచీర కట్టుకుని షాపుకొచ్చి, "తీయి, ఈ పొద్దు నవ్వుతా" అంది. కెమెరా రిపేరులో ఉంది. దాదాపీర్ ఫోనుతోనే తీసి షాపు మెయిల్లో వేసుకున్నాడు. ప్రింటు రేపు తీస్తానన్నాడు.

కొన్నాళ్లకు ఆ మెయిల్లోకి ఎవరో దూరాలని చూశారు. నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే మేనల్లుడు వసీం వచ్చి, ఫోనులో మెయిల్ తెరవడానికి నంబరు చూపించే అథెంటికేటర్ యాప్ పెట్టాడు.

"రోజూ నంబరు అడుగుతాంటాదా? ఈడ గిరాకీ నిలబడుకోని ఉంటాదప్పా" అన్నాడు దాదాపీర్.

"అడగదు మామూ. ఈ కంప్యూటర్ నీదేనని ఒకసారి నొక్కినా. కొత్త మిషన్లో తెరిస్తేనే ఫోన్లో నంబరు చూసి కొట్టాల. ఫోను పోయినా ఇబ్బంది లేకుండా మెయిల్ వాళ్లు విడిగా ఇచ్చిన ఈ నంబర్లు ప్రింటు తీసి బీరువాలో పెట్టుకో."

"రేపు తీస్తాలే."

మెయిల్ రోజూ ఎప్పటిలాగే తెరుచుకునేది. యాప్ సంగతే మర్చిపోయాడు. కొత్త ఫోను కొన్నాడు గానీ అందులో మెయిల్ పెట్టుకోలేదు, షాపులో ఎటూ తెరిచే ఉంటుంది కదా అని. పాత ఫోను ఇంట్లో ఒక మూల పడింది. పాత ఫోన్లు తీసుకుని ప్లాస్టిక్ టబ్బులిచ్చే బండివాడు వీధిలోకి వస్తే, జబీనా దాన్నిచ్చి నీలం టబ్బు తెచ్చుకుంది. బేరమాడి పెద్దదే తీసుకున్నానని మా ఇంటికొచ్చి మరీ చూపించింది. ఆమెను అంత సంబరంగా చూడటం మాకదే ఆఖరు. వానల్లో జ్వరం పట్టుకుంది. నంద్యాల ఆస్పత్రిలోకి తన కాళ్ల మీదే నడిచి వెళ్లింది, అంబులెన్సులో తిరిగొచ్చింది.

ఆమె పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక, ఆ ఫోటో ప్రింటు తీద్దామని కూర్చుంటే కంప్యూటర్ వెలగలేదు. డిస్కు కాలిపోయింది, ఇంక లాభం లేదన్నాడు వసీం. కొత్తదాంట్లో మెయిల్ తెరిస్తే యాప్‌లో నంబరు కొట్టమంది. ఆ యాప్ టబ్బులవాడి బండెక్కి ఎప్పుడో పోయింది.

వసీం విసుగులేకుండా మెయిల్ వాళ్లకు మళ్లీ మళ్లీ అర్జీ పెట్టాడు. ప్రతిసారీ ఒకటే జవాబు, ఇది మీరేనని రుజువు కాలేదు అని.

"నన్ను నేను కాదంటాండారు ఏసన్నా. యాడికి పోయి చెప్పుకోవాల?" అన్నాడు దాదాపీర్ నాతో. ఇన్నాళ్ల 'రేపు'లకూ కలిపి తిట్టాలనిపించింది. ఆ ముఖం చూశాక తిట్టు మానుకుని టీ తెప్పించాను. ఆమె టబ్బు తెచ్చుకున్న సంగతి ఆయనా ఎత్తలేదు.

మిగిలింది ఆధార్ కార్డు. అందులో జబీనా తప్పు చేసి దొరికిపోయినదానిలా బెదురుగా చూస్తుంటుంది. ఇంతమందికి చేసిపెట్టావు, దాంతోనే చేసుకో అని అందరం పోరుపెట్టాం. ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించుకుని కూర్చున్నాడు. సాయంత్రపు అసర్ నమాజుకు కూడా లేవలేదు. పొద్దు వాలాక నన్ను పిలిచాడు.

తెర మీద ఆడమనిషి నవ్వుతోంది. పచ్చచీర, నున్నటి ముఖం. ఆయన చేసిన వాటిలోకెల్లా మంచి పని. బాగా కుదిరిందని చెప్పబోయాను.

"ఈమె ఎవరో నాకు తెలీదన్నా" అని కంప్యూటర్ ఆపేశాడు.